మన రాజులు రోల్స్ రాయిస్ కార్లతో చెత్త ఎత్తించారన్నది నిజమేనా?

కాదు. ఎవరు చెప్పినా నేను నమ్మను.

కథ మీరూ వినే ఉంటారు. అల్వర్ మహారాజు జైసింగ్ మామూలు బట్టల్లో లండన్ షోరూముకి వెళ్తే అక్కడివాళ్ళు చులకనగా చూశారట. ఆయన పంతానికి పోయి ఉన్న కార్లన్నీ కొని, ఊళ్ళో చెత్త ఎత్తడానికి పెట్టారట. కంపెనీ దిగొచ్చి క్షమాపణ ఉత్తరం రాసిందట. ఇదే కథ వాట్సాప్‌లో పటియాలా రాజు పేరుతో వస్తుంది, భరత్‌పూర్ రాజు పేరుతో వస్తుంది, మన నిజాం పేరుతోనూ వస్తుంది. షోరూము అదే, అవమానం అదే, రాజు పేరు ఒక్కటే మారుతుంది. ఆ ఉత్తరం చూపించండి అని అడిగితే మాత్రం ఎవరూ చూపించరు.

కానీ నేను నమ్మకపోవడానికి అసలు కారణం అది కాదు. మా నాన్న.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో 40 ఏళ్ళు లారీ ఇంజన్లు విప్పి బిగించారు. 2018లో కంటి చెకప్ కోసం హైదరాబాద్ వచ్చినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌కి తీసుకెళ్ళాను. దర్బారు హాలు, షాండ్లియర్లు చూసి "బాగున్నాయిరా" అన్నారు, అంతే. పసుపు రంగు రోల్స్ రాయిస్ దగ్గరికి వచ్చాక మాత్రం అడుగు ముందుకు పడలేదు.

అది సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చారు, కానీ కారు చేతికి అందకముందే 1911 ఆగస్టులో చనిపోయారు. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వాడారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది కాబట్టి దాన్ని థ్రోన్ కార్ అంటారు. ఉత్సవాలకి తప్ప బయటికి తీయలేదు, మొత్తం తిరిగింది కొన్ని వందల మైళ్ళే.

అందరూ ఆ సీటు చూస్తున్నారు. మా నాన్న మోకాళ్ళ నొప్పులతోనే నేల మీద గొంతుక్కూర్చుని కారు కిందికి చూస్తున్నారు. కమాన్ పట్టీలు, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు, లెక్కపెడుతున్నారని పెదాలు కదలడం చూసి అర్థమైంది. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగారు, "దీని బాడీ ఎవరు కట్టార్రా?"

లండన్‌లో బార్కర్ అనే కంపెనీ అని చెప్పాను.

"అయితే వీళ్ళు ఇచ్చింది ఛాసిస్సేనన్నమాట. మన పద్ధతే."

నిజమే. రోల్స్ రాయిస్ ఆ రోజుల్లో బాడీ తయారుచేసేది కాదు. ఇంజనూ ఛాసిస్సూ, అంటే బాడీ కూర్చునే కింది చట్రమూ ఇచ్చేది. 1907లో ఆ ఛాసిస్ ఒక్కటే 985 పౌన్లు. కొన్నవాళ్ళు దాన్ని బాడీ కట్టేవాళ్ళ దగ్గరికి పంపి, కొలతలిచ్చి, రంగు చెప్పి, నెలల తరబడి ఎదురుచూసేవాళ్ళు. ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టించుకున్న ప్రతి ఓనరుకీ ఈ టెన్షన్ తెలుసు. అలాంటిది ఒక రాజుగారు షోరూములోకి వెళ్ళి, కోపమొచ్చి, అరడజను కార్లు అక్కడికక్కడే కొని ఓడ ఎక్కించారంటే ఎలా నమ్మాలి?

సరిగ్గా అప్పుడే పక్కన ఒకాయన తన పిల్లలకి ఆ చెత్త కథ మొదలుపెట్టారు. నిజాం పేరు పెట్టే చెప్తున్నారు. పిల్లలు పకపకా నవ్వుతున్నారు. మా నాన్న నెమ్మదిగా లేచి, లుంగీ దులుపుకుని, ఆయన వైపు తిరిగి అన్నారు: "బాబూ, చెత్త వేస్తే ఈ కమాన్లకేం కాదు, బరువు లాగుద్ది. కానీ గుమ్మం గుమ్మానికీ ఆగి ఆగి వెళ్ళే పనికి ఇంత ఇంజన్ ఎవడూ పెట్టడు. వారం తిరిగేసరికి క్లచ్ ఏమవుద్దో నన్నడుగు. పెట్టేవాడు పెట్టినా, దీన్ని చూసుకునే మెకానిక్ ఊరుకోడు."

ఆయన "అంతేనంటారా అండీ" అని పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు. నాకైతే ఆ ఒక్క మాటతో ఈ ప్రశ్న తేలిపోయింది. ఏ రాజ్యంలోనైనా ఆ కారుకి ఒక మెకానిక్ ఉండి తీరాలి కదా. ఏ కథలోనూ అతను కనపడడు.

ఆ రాత్రి ఇంట్లో నాన్న ఒకటే ప్రశ్న, ఈ రాయిస్ ఎవరు అని. ఫోన్లో చూసి చదివి వినిపించాను.

హెన్రీ రాయిస్ 1863లో పుట్టాడు. తండ్రి పిండి మర నడిపేవాడు. రాయిస్‌కి తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. పిల్లాడు పేపర్లు అమ్మాడు, ఇంటింటికీ టెలిగ్రాములు పంచాడు. మేనత్తో పిన్నమ్మో ఒకావిడ డబ్బు కడితే రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాడు, ఆ డబ్బూ అయిపోయి మధ్యలో ఆగిపోయాడు. 1884లో మాంచెస్టర్‌లో చిన్న షెడ్డు పెట్టాడు. తర్వాత డైనమోలు, కరెంటు క్రేన్లు చేశాడు. సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫ్రెంచి కారు కొంటే అది నచ్చక తానే కారు చేయడం మొదలుపెట్టాడు. మొదటి కారు 1904 ఏప్రిల్ 1న రోడ్డెక్కింది. మే 4న మాంచెస్టర్ మిడ్‌ల్యాండ్ హోటల్లో చార్లెస్ రోల్స్‌ని కలిశాడు. రోల్స్ జమీందారీ కుటుంబం వాడు, లండన్‌లో కార్లు అమ్మేవాడు. నువ్వు చెయ్యి, నేను అమ్ముతాను అనుకున్నారు. 1910లో రోల్స్ విమానం కూలి చనిపోయాడు. రాయిస్ 1933 దాకా డిజైన్లు గీస్తూనే ఉన్నాడు. సర్ బిరుదు వచ్చాక కూడా తనను తాను మెకానిక్ అనే చెప్పుకున్నాడు.

ఇక్కడ నాన్న "మళ్ళీ చదువు" అన్నారు.

ఆయన్ని ఇంకా కదిలించింది క్రాంక్ షాఫ్ట్, అంటే ఇంజన్లో పిస్టన్ల పైకీ కిందికీ కదలికని గుండ్రంగా తిప్పే ఇరుసు. ఆరు సిలిండర్ల ఇంజన్లు అప్పట్లో అందరికీ తలనొప్పే, పొడవాటి క్రాంక్ మెలి తిరిగి వణికేది, కొన్నయితే విరిగేవి కూడా. రాయిస్ సిలిండర్లని మూడేసి చొప్పున రెండు బ్లాకులు చేసి, క్రాంక్‌ని లావుగా చేసి, ఏడు బేరింగుల మీద కూర్చోబెట్టి, వాటికి ప్రెషర్‌తో ఆయిల్ పంపాడు. 7 లీటర్ల పైన ఇంజన్, పాత టాటా లారీ ఇంజన్ కన్నా పెద్దది. "ఏడు బేరింగులా? అప్పట్లోనా?" అని నాన్న మంచం మీద లేచి కూర్చున్నారు.

1907లో ఏఎక్స్ 201 నంబరు కారుకి వెండి రంగు వేయించి సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టింది కంపెనీ మేనేజరు క్లాడ్ జాన్సన్. దాన్ని లండన్, గ్లాస్గో మధ్య రాత్రీ పగలూ తిప్పారు. 629 మైళ్ళ దగ్గర పెట్రోల్ ట్యాపు కుదుపులకి దానంతటదే మూసుకుపోతే ఒక్క నిమిషం ఆగింది. అక్కణ్ణుంచి 14,371 మైళ్ళు ఏ రిపేరూ రాకుండా నడిచింది. తర్వాత పూర్తిగా విప్పి పరీక్షించి, అరిగిన భాగాలు మారిస్తే అయిన ఖర్చు రెండు పౌన్ల చిల్లర. నాన్న వెంటనే బెజవాడలో తన పాత అసిస్టెంటుకి ఫోన్ చేసి ఇదే చెప్పారు. రాత్రి పదకొండున్నర అప్పుడు.

యూట్యూబులో ఈ కార్ల మీద వందల వీడియోలున్నాయి. ధర ఎంత, ఏ హీరో కొన్నాడు, లోపల పైకప్పు మీద ఎన్ని నక్షత్రాలు. రాయిస్ పేరు పలికేవాళ్ళు కూడా తక్కువ. 1971లో ఆ కంపెనీ విమానం ఇంజన్ ఖర్చు భరించలేక దివాళా తీసిందనీ, ఇవాళ కార్ల భాగం బీఎమ్‌డబ్ల్యూ చేతిలో ఉందనీ చెప్పేవాళ్ళు మరీ తక్కువ. చెత్త కథకి మాత్రం లక్షల వ్యూస్. నాకు నిజంగా బాధేస్తుంది.

ఈ జవాబు రాస్తున్నానని పొద్దున ఫోన్లో నాన్నకి చెప్పాను. అంతా విని, "బాడీ కట్టినోళ్ళ పేరు వదిలేయకు" అన్నారు. బార్కర్ అండ్ కంపెనీ, లండన్.