తేడా కండక్టర్‌దేనా?

తల్లీ, ఆశీస్సులు.

ఒకే పాశ్చాత్య ఆర్కెస్ట్రా కృతికి నాలుగైదు రికార్డింగులు ముందేసుకుని ఏది మేలో తేల్చాలనుకున్నప్పుడు, చెవికి తగిలిన ప్రతి తేడా దగ్గరా ఆగి ‘ఇది ఎవరి పని?’ అని అడుగు. స్కోర్ (స్వరాలు రాసిన పుస్తకం) అచ్చువేసినవాళ్లదా, రికార్డింగ్ ఇంజినీరుదా, పాత రికార్డును ఫైలుగా మార్చినవాళ్లదా, వాయించినవాళ్లదా? ఇరవయ్యో శతాబ్దపు ఆర్కెస్ట్రా సంగీతంలో ఈ నాలుగూ కలగలిసిపోయి వినిపిస్తాయి. మొదటి మూడూ వడగట్టాక మిగిలిందే కండక్టర్‌కీ (ఆర్కెస్ట్రాను నడిపించేవాడికీ), వాద్యకారులకీ దక్కాలి. ఈ వడపోత లేకుండా రాసిన పోలికలు చాలా చూస్తావు. వాటిలో కండక్టర్లకు అన్యాయం జరుగుతుంది, అనర్హమైన మెప్పూ దక్కుతుంది.

ముందు, రెండు రికార్డింగులూ ఒకే పాఠాన్ని, అంటే కృతి ఒకే రూపాన్ని, వాయిస్తున్నాయో లేదో చూసుకో. స్ట్రావిన్‌స్కీ ‘ఫైర్‌బర్డ్’ అంటే 1910 నాటి పూర్తి బాలే కావచ్చు, 1911, 1919, 1945 సూట్లలో (బాలేలోంచి ఏరిన భాగాల కూర్పుల్లో) ఏదైనా కావచ్చు. 1945 సూట్ ముగింపులో ఆ పెద్ద రాగాన్ని తుంచి తుంచి వాయించమని స్ట్రావిన్‌స్కీయే రాశారు. అది తెలియకపోతే కండక్టర్ పాడుచేశాడనుకుంటావు. మాలర్ ఆరో సింఫనీలో మధ్య మూవ్‌మెంట్ల (సింఫనీలోని విడి భాగాల) వరసే మారుతుంది. 1906లో ఎస్సెన్‌లో మాలర్ స్వయంగా నడిపించిన తొలి ప్రదర్శనలో నెమ్మదిగా సాగే ఆందాంతె ముందు వచ్చింది, 1963 నాటి ముద్రణ చురుకైన స్కెర్ట్సోను ముందుకు తెచ్చింది. చివరి మూవ్‌మెంట్‌లో సుత్తి దెబ్బలు కొందరు రెండు వేయిస్తారు, కొందరు మూడు. సిబేలియస్ ఐదో సింఫనీకి 1915 నాటి తొలి రూపంలో నాలుగు మూవ్‌మెంట్లు, 1919 నాటి తుది రూపంలో మూడు. కాబట్టి రికార్డింగ్ పేరు పక్కన ఏ సంవత్సరపు పాఠమో రాసుకోకుండా ప్లే నొక్కకు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది శబ్దపు హెచ్చుతగ్గులు. ఒక డెసిబెల్ ఎక్కువున్న రికార్డింగ్ మన చెవికి ‘గట్టిగా ఉంది’ అనిపించదు, ‘జీవం ఉంది, స్పష్టంగా ఉంది’ అనిపిస్తుంది. అందుకే పోల్చే ముందు సమం చేయాలి. ఒకే భాగాన్ని, ముప్పై సెకన్లో నిమిషమో, అన్ని రికార్డింగుల్లోంచి కత్తిరించుకో. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ పెట్టి ఒక్కొక్కదాన్నీ -23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి తోచే సగటు గట్టిదనపు కొలత) తీసుకురా. పాటలకు వాడే -14 ఇక్కడ పనికిరాదు, ఆర్కెస్ట్రా అతి గట్టి శబ్దాలు పై హద్దుకు కొట్టుకుని పగిలిపోతాయి. సాఫ్ట్‌వేర్ లేకపోతే ఫోన్‌లో సౌండ్ మీటర్‌ను నువ్వు కూర్చునే చోటే పెట్టి, సగటు అర డెసిబెల్ తేడాలోకి వచ్చేదాకా వాల్యూమ్ సర్దు.

కొలవడానికి ఎంచుకునే చోటు ముఖ్యం. మధ్యస్థంగా, నిలకడగా సాగే భాగాన్ని తీసుకో. పెద్ద క్లైమాక్స్ దగ్గర సమం చేశావనుకో, కంప్రెషన్ (గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడాను కుదించడం) ఎక్కువ చేసిన రికార్డింగ్‌లో మెల్లని భాగాలు పైకి తేలతాయి, అప్పుడు ‘ఎన్ని సూక్ష్మాలు వినిపిస్తున్నాయో’ అని దానికే మార్కులు వేస్తావు. అలాగే ఆర్కెస్ట్రా మొత్తం గట్టిగా వాయిస్తుండగా హార్ప్‌గానీ చెలెస్టా లాంటి మెత్తని వాద్యంగానీ ట్రంపెట్ల పక్కన సమానంగా వినిపిస్తోందంటే అది దగ్గర పెట్టిన మైకు చలవ. హాల్లో అలా వినిపించదు. దాన్ని కండక్టర్ ఖాతాలో వేయకు.

పాత రికార్డింగులకు శ్రుతి పరీక్ష తప్పనిసరి. ఒక నిలుపు స్వరం మీద ట్యూనర్ యాప్ పెట్టి చూడు. ‘ఎ’ స్వరానికి 440 హెర్ట్జ్ అనే ప్రమాణ శ్రుతికి పాతిక ముప్పై సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) దాటి పక్కకు పోతే, డిస్కును తప్పు వేగంతో తిప్పి ఎక్కించారేమోనని అనుమానించు. అర్ధస్వరం అంటే దాదాపు ఆరు శాతం వేగం, మూడు శాతం తేడాకే శ్రుతి అందులో సగం జరుగుతుంది, ముప్పైమూడు నిమిషాల కృతి ఒక నిమిషం కురచవుతుంది. ఆ నిమిషాన్ని చూసి ‘ఎంత ఉరకలో!’ అని రాస్తే నవ్వులపాలే. 78 ఆర్‌పీఎం డిస్కులో ఒక వైపు పట్టేది నాలుగు, నాలుగున్నర నిమిషాలు. ఆ అతుకుల దగ్గర వచ్చే చిన్న ఆగుడును కూడా భావంగా లెక్కపెట్టకు.

ట్రాక్ నిడివిని కూడా ఊరికే నమ్మకు. చప్పట్లు, చివరి నిశ్శబ్దం అందులో కలిసి ఉంటాయి. మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా నువ్వే కొలిచి, వేగాన్ని లెక్క కట్టు. రవేల్ ‘బొలేరో’ ఇందుకు మంచి అభ్యాసం. 340 బార్లు, బారుకు మూడు బీట్లు, మొత్తం 1,020 బీట్లు. నిమిషానికి 72 అయితే దాదాపు 14 నిమిషాల 10 సెకన్లు, 66 అయితే పదిహేనున్నరకు కాస్త తక్కువ, 60 అయితే సరిగ్గా 17. మొదటి రెండు నిమిషాలూ చివరి రెండు నిమిషాలూ విడిగా కొలిస్తే నడక ఎక్కడ జారిందో బయటపడుతుంది.

ఇప్పుడు అసలు వినడం. షోస్టకోవిచ్ ఐదో సింఫనీ చివరి మూవ్‌మెంట్ కోడా, అంటే ముగింపు భాగం, తీసుకో. కొన్ని ముద్రణల్లో అక్కడి మెట్రోనోమ్ గుర్తు (నిమిషానికి ఎన్ని స్వరాలో చెప్పే అంకె) క్రాచెట్‌కు 188, కొన్నింటిలో క్రాచెట్‌లో సగం నిడివి ఉన్న క్వేవర్‌కు 184. అంటే రెండోదానిలో క్రాచెట్‌కు 92, దాదాపు సగం వేగం. 1959లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో బెర్న్‌స్టీన్ పట్టింది వేగమైన దారి. 1937లో తొలి ప్రదర్శన నడిపించిన మ్రవిన్‌స్కీ, తర్వాత రొస్ట్రపోవిచ్ నెమ్మది దారిన పోయారు. బ్రాస్ రాగం కింద పదిహేను సెకన్లు వేలితో తట్టి లెక్కపెట్టు. 47 దగ్గరికి వస్తే మొదటి అంకె, 23 దగ్గరికి వస్తే రెండోది. తర్వాత రాగాన్ని వదిలేసి, పైన తీగ వాద్యాలూ వుడ్‌విండ్లూ ఆపకుండా కొట్టే ‘ఎ’ స్వరం ఒక్కటే విను. వేగంగా పోతే ఆ స్వరాలు ఒకదానిలో ఒకటి కరిగి తళతళలాడే పరదా అవుతాయి, విజయోత్సవంలా ఉంటుంది. నెమ్మదిస్తే ఒక్కొక్కటీ విడిగా నెత్తిన మోదినట్టు పడుతుంది, ఆ ఉత్సవం బలవంతపుదేమో అనిపిస్తుంది. కృతి అర్థమే అక్కడ తిరగబడుతుంది. అందుకే ఈ కోడాను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా దండగ కాదు.

బార్టోక్ ‘కన్చెర్టో ఫర్ ఆర్కెస్ట్రా’ రెండో మూవ్‌మెంట్‌దీ అంకెల గొడవే. అచ్చులో మెట్రోనోమ్ గుర్తు 74 ఉండేది, చేతిరాత ప్రతి చూసి అది 94 అని కండక్టర్ షోల్టీ తేల్చారు. 74తో నడిచిన రికార్డింగ్ బరువుగా ఉందంటే ముందు అచ్చును తప్పుపట్టు.

రచయిత స్వయంగా నడిపించాడు కదా, అదే ప్రమాణం అనుకోకు. ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ను స్ట్రావిన్‌స్కీ 1929లో, 1940లో, 1960లో రికార్డ్ చేశారు, మూడూ ఒకేలా ఉండవు. పైగా 1943లో చివరి నృత్యాన్ని తిరగరాశారు కూడా.

కత్తిరించిన ముక్కలకు పేర్లు తీసేసి అంకెలు పెట్టి, వరస మార్చి వినిపించమని ఇంట్లో ఎవరినైనా అడుగు. ఒక్కో ముక్క వినగానే రెండు వాక్యాలు రాయి, అదీ విన్న విషయమే. ‘గంభీరంగా ఉంది’ కాదు, ‘రెండో వయొలిన్లు మొదటివాటికి ఎదురుగా కుడివైపు ఉన్నాయి’ అని. పేర్లు చూశాక ఆ రాతను దిద్దకు.

ముక్కలతోనే తీర్పు చెప్పేయకు. సిబేలియస్ ఐదోది చివర ఆరు కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు), మధ్యలో నిశ్శబ్దాలు. ఆ కొస ఒక్కటే వింటే ఎవరు ఎంతసేపు ఆగారో కొలవగలవు గానీ, ఆ ఆగడం న్యాయమో కాదో తెలియదు. అది మొదటినుంచీ పేరుకొచ్చిన నడకను బట్టి ఉంటుంది. కాబట్టి పూర్తి కృతిని రోజుకు ఒక్క రికార్డింగ్ చొప్పున, స్కోర్ మూసేసి విను. వరసగా రెండు వింటే రెండోది ఎప్పుడూ అలసిన చెవికే దొరుకుతుంది.

మొదటిసారికి షోస్టకోవిచ్ కోడా ఒక్కటే, మూడు రికార్డింగులు చాలు. రాసుకున్నది పంపు, స్కోర్ పక్కన పెట్టుకుని చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న