62 శాతం అటెండెన్స్, 500 రూపాయల సర్టిఫికెట్: ఒకసారి డిటెయిన్ అయినవాడి జవాబు

ప్రశ్న ఇది: “జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ జేఎన్‌టీయూ) కింద ఉన్న కాలేజీలో బీటెక్ టూ-టూ (రెండో ఏడాది రెండో సెమిస్టర్) చదువుతున్నా. అటెండెన్స్ 62 శాతం దగ్గర ఉంది, ఇంకా రెండు వారాలు క్లాసులున్నాయి. ఒక సీనియర్ 500 ఇస్తే కామెర్లని మెడికల్ సర్టిఫికెట్ తెచ్చిస్తానంటున్నాడు. తీసుకోనా? డిటెయిన్ అయితే (అటెండెన్స్ చాలక పరీక్షలకి ఆపేస్తే) ఇక అయిపోయినట్టేనా?”

తమ్ముడూ, ఆ 500 ముందు జేబులో పెట్టుకో. తప్పా ఒప్పా తర్వాత మాట్లాడుకుందాం, అసలు ఆ కాగితం నీకు పనికే రాదు. ఇవాళ నీకున్న 62 మీద అయితే నిజంగానే కామెర్లొచ్చి ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకుని పడుకున్నా కండొనేషన్ (అటెండెన్స్ కొరత మాఫీ) రాదు. నేను ఇదే టూ-టూలో 63.4 శాతంతో డిటెయిన్ అయినవాణ్ణి, కాబట్టి ఎక్కడో చదివి చెప్తున్న మాట కాదు.

రూల్ చాలా చిన్నది, కానీ మనం డిటెయిన్డ్ లిస్టులో పేరు చూసుకున్నాకే చదువుతాం. సెమిస్టర్‌లో అన్ని సబ్జెక్టులు కలిపి 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం, దానికి ఆధారం చూపించి అర్జీ పెట్టుకుంటే కాలేజీ అకడమిక్ కమిటీ ఆ కొరతను మాఫీ చెయ్యొచ్చు, దానికి వేరే ఫీజు ఉంటుంది. “చెయ్యొచ్చు” అన్నారు, చేసి తీరాలని ఎక్కడా లేదు, ఫీజు కట్టేస్తే పనైపోతుందనుకునేవాళ్లు ఆ మాట ఒకటికి రెండుసార్లు చదవాలి. 65 కంటే తగ్గితే ఎట్టి పరిస్థితుల్లోనూ మాఫీ లేదని యూనివర్సిటీ రెగ్యులేషన్లు ఆర్18లోనూ ఆర్22లోనూ (2018, 2022 బ్యాచ్‌ల నుంచి వచ్చిన రూల్సు) రాసి ఉంది. అంటే ప్రిన్సిపాల్ కాళ్లు పట్టుకున్నా అది ఆయన చేతిలో లేని పని. మీది అటానమస్ కాలేజీ (సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునేది) అయితే వాళ్ల సొంత రెగ్యులేషన్ పుస్తకం వేరే ఉంటుంది, వెబ్‌సైట్‌లో పెడతారు, తీసి చూసుకో.

ఇప్పుడు అసలు విషయం. నీ 62 ఇవాళ్టి లెక్క, చివరి లెక్క కాదు. నీ అంకెలు నాకు తెలియవు గానీ ఉదాహరణకి ఇలా అనుకుందాం: ఇప్పటిదాకా 430 పీరియడ్లు జరిగాయి, నువ్వు 267కి వెళ్లావు, అది 62 శాతం. రోజుకి ఆరు పీరియడ్లు, వారానికి ఆరు రోజులు, రెండు వారాలకి ఇంకో 72 పీరియడ్లు. అన్నిటికీ వెళ్తే 502కి 339, అంటే 67.5. కండొనేషన్ గీత దాటేశావు! రెండు రోజులు మానేస్తే 327, అది 65.1, గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలి. మూడు రోజులు మానేస్తే 63.9, ఇంటికి. 75 మాత్రం నువ్వు ఆదివారం కూడా వెళ్లి కూర్చున్నా రాదు, దాని మీద ఆశ వదిలెయ్. ఇంకోటి, మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) రాస్తే ఆ థియరీ సబ్జెక్టుకి రెండు పీరియడ్ల అటెండెన్స్ ఇవ్వాలని ఆర్18లో ఉంది, నీ రెగ్యులేషన్‌లో ఉందేమో చూసి, ఉంటే నీకు కలిపారో లేదో అడుగు. ల్యాబ్‌లో ఉండి కూడా యాబ్సెంట్ పడిన రోజులుంటే రికార్డు బుక్కులో తేదీ, మేడమ్ సంతకం చూపించి సరిచేయించుకో. ఇలాంటి ఐదారు పీరియడ్ల దగ్గరే మనుషుల సంవత్సరాలు పోతాయి.

నా సంగతి చెప్తా. 2015లో చేరాను. 2017లో టూ-టూలో ఉండగా డెంగ్యూ వచ్చింది, 12 రోజులు మంచం మీదే. ఇది ఎవరికైనా చెప్తే “అయ్యో పాపం, జ్వరమొస్తే డిటెయిన్ చేశారా” అంటారు, నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పుకుని తిరిగాను. నిజమేంటంటే ఆ 12 రోజులకి 75 ఎక్కడికీ పోదు. అంతకుముందే క్రికెట్ టోర్నమెంటుకి తొమ్మిది రోజులు, కొత్త సినిమాలకి కొన్ని మార్నింగ్ షోలు, మా చెల్లి వరసమ్మాయి పెళ్లికి వారం, పొద్దున బస్సు తప్పిపోయి పోగొట్టుకున్న ఫస్ట్ పీరియడ్లు లెక్కే లేదు. 25 శాతం ఎలాగూ మనదే కదా అని మొదటి నెలన్నరలోనే వాడేశాను. ఆ 25 పెట్టింది జ్వరాలకి, చావులకి, ఇంట్లో ఎవరినైనా ఆస్పత్రికి తీసుకెళ్లడానికి. నాకు జ్వరం వచ్చేసరికి నా ఖాతాలో ఏమీ మిగల్లేదు.

సర్టిఫికెట్ సంగతికొస్తే, నా దగ్గర ఉన్నది నిజమైనది, బ్లడ్ రిపోర్టులతో సహా. హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సార్ వాటిని తిప్పి చూసి, పక్కన పెట్టి, “బాబూ, నీకు 66 ఉండుంటే ఇది పనికొచ్చేది” అన్నారు, అంతే. నా పక్కనే నిలబడ్డ ఫ్రెండ్‌కి 68 ఉంది, వాడికి ఏ రోగమూ లేదు. మీ సీనియర్ లాంటివాడే ఒకడు వాడికి కామెర్లని రాయించి తెచ్చాడు. (ఎందుకో ఈ దొంగ సర్టిఫికెట్లలో ఎప్పుడూ కామెర్లే, పదిహేను రోజులు రెస్ట్ రాయడానికి వీలని కాబోలు.) సార్ ఆ తేదీలు పట్టుకుని రిజిస్టర్ తెప్పించారు. కామెర్లతో మంచం పట్టిన పదిహేను రోజుల్లో నాలుగు రోజులు వాడు క్లాసులో ప్రెజెంట్! వాడు వెళ్లలేదు, వాడి బదులు ఫ్రెండ్స్ హాజరు పలికి ప్రాక్సీ వేశారు. అంటే ఒక దొంగతనాన్ని ఇంకో దొంగతనం పట్టిచ్చింది. ప్రాక్సీ పలికినవాళ్లిద్దరికీ కూడా పేరెంట్స్‌ని పిలిపించారు, వాడి కండొనేషన్ తిరస్కరించారు, వాడూ నాతో పాటే డిటెయిన్ అయ్యాడు. అసలు బాధ ఏంటంటే వాడు నిజం చెప్పి ఉంటే బతికేవాడు. వాళ్ల నాన్న షాపు నడపలేక ఇబ్బంది పడుతుంటే వీడు పొద్దుటి పూట అక్కడ కూర్చునేవాడు, దానికి రాతపూర్వకంగా ఏదో ఒకటి తెస్తే కమిటీ ఒప్పుకునేదేమో. ఇప్పుడు చాలా కాలేజీల్లో బయోమెట్రిక్ ఉంది, దొరకడం ఇంకా తేలిక. డాక్టరు సంతకం, స్టాంపు దొంగగా వేయడం కాలేజీ రూలు సంగతి అటుంచి మామూలు చట్టంలోనే నేరం. అటెండెన్స్ తక్కువైనవాడు సెమిస్టర్ పోగొట్టుకుంటాడు, కాగితం పుట్టించినవాడు ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మేవాడుండడు.

ఇక డిటెయిన్ అయితే ఏమవుతుంది. ఆ సెమిస్టర్ రిజిస్ట్రేషనే రద్దవుతుంది, ఎండ్ ఎగ్జామ్స్ రాయనివ్వరు, వచ్చిన ఇంటర్నల్ మార్కులు కూడా పోతాయి. బ్యాక్‌లాగ్‌తో దీన్ని కలపకు, బ్యాక్‌లాగ్ అంటే పరీక్ష రాసి తప్పడం, సప్లీ రాసుకుంటూ పైకి వెళ్లొచ్చు. ఇది ఆ సెమిస్టరే జరగనట్టు. మళ్లీ అదే సెమ్ వచ్చేదాకా ఆగి, రీఅడ్మిషన్ తీసుకుని జూనియర్లతో కూర్చోవాలి. నాకు ఇంకో చిక్కు వచ్చింది, మా బ్యాచ్ ఆర్15, నేను కూర్చున్న జూనియర్లది ఆర్16. రెగ్యులేషన్ మారితే నువ్వు చదివేసిన సబ్జెక్టు వాళ్లకి వేరే సెమ్‌లో ఉండొచ్చు, వాళ్లు ముందే చదివేసింది నీకు మిగిలిపోవచ్చు, వాటికి సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టులు ఇస్తారు. ఆ లిస్టు ఎగ్జామినేషన్ బ్రాంచి నుంచి కాగితం మీద తీసుకో, నోటిమాట నమ్మకు, నేను నమ్మి ఫైనలియర్‌లో ఒక సబ్జెక్టు కోసం పరిగెత్తాను.

క్రెడిట్ల (పాసైన సబ్జెక్టులకి వచ్చే పాయింట్ల) డిటెన్షన్ వేరే. ఆర్18, ఆర్22 లెక్కల్లో ఫస్టియర్ నుంచి సెకండియర్‌కి 50 శాతం క్రెడిట్లు, సెకండియర్ నుంచి థర్డియర్‌కి 60 శాతం ఉండాలి. అటెండెన్స్‌తో బయటపడినా ఈ గేటు దగ్గర ఆగిపోయినవాళ్లున్నారు, నీ బ్యాక్‌లాగులు కూడా ఒకసారి లెక్కపెట్టుకో. మొత్తం డిగ్రీకి చేరినప్పటినుంచి ఎనిమిదేళ్ల గడువుంది, కాబట్టి ఒక ఏడాది పోతే సీటేమీ పోదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి మాత్రం దెబ్బ, దానికీ 75 శాతం అటెండెన్స్ అడుగుతారు, మళ్లీ చదివిన ఆ సెమిస్టర్‌కి నాకైతే రాలేదు, చేతి నుంచే కట్టాం.

కోర్టుకి పోదామని మీ గ్రూపుల్లో ఎవడో అంటాడు, ఖాయం. 2025 నవంబర్‌లో ఢిల్లీ హైకోర్టు అటెండెన్స్ తక్కువని విద్యార్థుల్ని పరీక్షలకి ఆపొద్దని చెప్పింది, అది లా కాలేజీల గురించి. దాన్ని స్టేటస్‌లో పెట్టుకుని రెండు వారాల క్లాసులు ఎగ్గొట్టకు.

డిటెయిన్ అయిన ఆ ఎనిమిది నెలలు జనగామలో మా మేనమామ జిరాక్స్ షాపులో కూర్చున్నాను. అక్కడ చూసింది ఒకటి చెప్పాలి. ప్రాజెక్టుల సీజన్‌లో అమీర్‌పేట నుంచి కొనుక్కొచ్చిన రిపోర్టులు బైండింగ్‌కి వచ్చేవి, మూడు వేర్వేరు కాలేజీల పిల్లలు, ఒకే రిపోర్టు, ఒకే తప్పులు, ముందు పేజీలో పేర్లు మాత్రం వేరు. ఒకడిదైతే లోపల 14వ పేజీలో పాత కాలేజీ పేరు అలాగే ఉండిపోయింది, నేనే చూసి చెప్పాను. బీటెక్‌లో ఇది నడిచిపోతోంది కదా అనిపిస్తుంది గానీ పైకెళ్లేకొద్దీ నడవదు. యూజీసీ 2018 రూల్స్ ప్రకారం థీసిస్‌లో కాపీ 10 శాతం దాకా వదిలేస్తారు, 10 నుంచి 40 అయితే ఆరు నెలల్లోపు మళ్లీ రాసివ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది దాకా ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అమెరికాలో ఎంఎస్ చేసిన మా కజిన్ అయితే, అక్కడ క్లాసుకి వచ్చావా రాలేదా అని అడిగినవాడు లేడు కానీ హోంవర్క్‌లో రూమ్మేట్ కోడ్ పెట్టినందుకు విచారణ దాకా వెళ్లొచ్చానన్నాడు, పైగా జీపీఏ (గ్రేడ్ల సగటు) 3 కిందికి జారితే ప్రొబేషన్ (హెచ్చరిక మీద ఉంచడం) అని నాలుగు సెమిస్టర్లూ వాడికి అదే టెన్షన్.

పరీక్షల్లో కూడా అంతే. అటెండెన్స్ భయం తీరాక చదివింది సరిపోక స్లిప్పులు పట్టుకెళ్లేవాళ్లుంటారు. సబ్జెక్టుకి సంబంధించిన చీటీ గానీ ఫోన్ గానీ దగ్గర దొరికితే ఆ పేపరు పోతుంది. చూసి రాశావని తేలితే అప్పటిదాకా రాసినవి, ల్యాబులతో సహా, ఆ సెమ్ మొత్తం పోతుంది. నీ బదులు ఇంకొకణ్ణి కూర్చోబెడితే రెండు సెమిస్టర్లు డిబార్. నువ్వు అలాంటివాడివని కాదు, ఒక 500 కాగితంతో మొదలయ్యేవాళ్లని చూశాను కాబట్టి చెప్తున్నా.

ఇంట్లో చెప్పాలా అని నువ్వు అడగలేదు, కానీ నేను చెప్తా. నేను చెప్పలేదు. పరీక్షలు జరిగిన మూడు వారాలు పొద్దున్నే స్నానం చేసి, ప్యాడ్, పెన్నులు సంచిలో పెట్టుకుని, అమ్మ పెట్టిన పెరుగన్నం తిని, బస్సెక్కి, బస్టాండులో కూర్చుని సాయంత్రం ఇంటికొచ్చేవాణ్ణి. “ఎట్ల రాసినవ్ బిడ్డా” అని నాన్న అడిగితే “మంచిగనే” అనేవాణ్ణి. రిజల్ట్స్ రోజు తెలిసింది. ఆయన తిట్టలేదు, ఏడాది పోయిందని కూడా అనలేదు, “గా మూడు వారాలు ఏడ కూసున్నవ్?” అని ఒక్కటే అడిగాడు. డిటెయిన్ గురించి ఇప్పుడు తలచుకుంటే నాకు పెద్దగా ఏమీ అనిపించదు, కోర్సు టైములో పూర్తిచేసి ఉండాలన్న రెండు కంపెనీలు క్యాంపస్‌లో నన్ను కూర్చోనివ్వలేదు, మూడోవాళ్లు గ్యాప్ ఎందుకని అడిగితే ఉన్నది చెప్పాను, తీసుకున్నారు, ఇవాళ్టికీ అదే పని. ఆ బస్టాండు బెంచీ మాత్రం అటువైపు వెళ్లినప్పుడల్లా కనిపిస్తుంది.

సరే, రేపు పొద్దున ఫస్ట్ పీరియడ్ ఎవరిదో చూసుకుని అలారం పెట్టుకో. రాత్రికి పోర్టల్ తెరిచి ఎన్ని పీరియడ్లు జరిగాయి, నువ్వు ఎన్నిటికి వెళ్లావు, రెండు అంకెలూ ఈ జవాబు కింద పెట్టు, ఎన్ని రోజులు జ్వరం తెచ్చుకోవచ్చో లెక్కేసి చెప్తా.