శ్రీలంకలో కొన్నేళ్ళు పనిచేశాక అక్కడివారి గురించి నా అభిప్రాయాలు ఎలా మారాయి?

కొలంబో దగ్గర ఉద్యోగం వచ్చిందనీ, ఇంట్లోవాళ్ళు మాత్రం "ఆ దేశం దివాళా తీసింది, అక్కడ మనవాళ్ళంటే పడదు, జనం బద్ధకస్తులు" అంటూ వెనక్కి లాగుతున్నారనీ, అక్కడ ఉండి వచ్చినవారి అనుభవంలో ఈ మాటల్లో ఎంత నిజముందో చెప్పమనీ మీరు అడిగారు. నాది అనకాపల్లి దగ్గరి ఊరు. అచ్యుతాపురంలో శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ నెలకొల్పిన దుస్తుల పార్కు మా ప్రాంతంలో వేలాది ఆడపిల్లలకు ఉపాధి చూపించింది. ఆ చుట్టుపక్కలే కుట్టుపరిశ్రమలో పని నేర్చుకున్న నేను తర్వాత మరొక సంస్థలో చేరి, కొలంబో విమానాశ్రయం పక్కనున్న కటునాయక స్వేచ్ఛా వాణిజ్య మండలంలో కొన్నేళ్ళు ఉత్పత్తి విభాగంలో పనిచేశాను. కాబట్టి ఇక్కడ రాసేదంతా ప్రధానంగా ఫ్యాక్టరీలోనూ, అద్దె ఇంటి చుట్టుపక్కలా నేను చూసిన లంక.

ముందుగా ఒక మాట. జపానుకో జర్మనీకో వెళ్ళేవారు తమకు అక్కడి సంగతులేమీ తెలియవన్న ఎరుకతో బయలుదేరుతారు, అందువల్ల అడిగి తెలుసుకుంటారు. పొరుగుదేశానికి వెళ్ళేవారికి ఆ ఎరుక ఉండదు. శ్రీలంక మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పేరు, హైదరాబాదు నుంచి విమానంలో రెండు గంటల దూరం, అన్నం తినే దేశం, చీర కట్టే దేశం. తెలిసినట్టే ఉంటుంది కనుక ఎవరినీ ఏమీ అడగము. నా అభిప్రాయాలు మారడం మొదలైంది ఈ "తెలుసు" అనే భావన సడలడంతోనే.

మనకు లంక అనగానే గుర్తుకొచ్చేవి ఎక్కడి నుంచి వచ్చాయో ఒకసారి చూడండి. ఒకటి రామాయణం. రెండు, 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య, దాని వెనుక ఉన్న అంతర్యుద్ధం. మూడు, 1996 ప్రపంచ కప్పు, జయసూర్య, మురళీధరన్. నాలుగు, 2022 జూలైలో జనం అధ్యక్ష భవనంలోకి చొరబడిన వీడియోలు. ఈ నాలుగింటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ రెండు కోట్లకు పైగా జనం ఉన్న దేశపు దైనందిన జీవితం వీటిలో ఎక్కడా లేదు. రామాయణం సంగతే తీసుకుంటే, సింహళ బౌద్ధులు తమ చరిత్రగా భావించే మహావంశంలో రాజుల కథ భారతదేశం నుంచి వచ్చిన రాజకుమారుడు విజయుడితో మొదలవుతుంది, అందులో రావణుడికి చోటు లేదు. మరోవైపు కొలంబో శివార్లలోని కెలణియ బౌద్ధ విహారంలో విభీషణుడికి ప్రత్యేకంగా గుడి ఉంది, ఆయనను ఆ ప్రాంతపు రక్షక దేవతగా కొలుస్తారు. 2019లో తమ తొలి ఉపగ్రహానికి రావణ-1 అని పేరు పెట్టుకున్నవారూ ఈ దేశస్థులే. ఈ మూడింటినీ కలిపి "లంకవాళ్ళు రావణుణ్ణి ఏమనుకుంటారు" అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు చెప్పడం నాకు సాధ్యపడలేదు.

"సింహళులు, తమిళులు" అని రెండు ముక్కలుగా చూసే అలవాటు కూడా అక్కడ నిలవదు. 2012 జనగణన ప్రకారం సింహళులు సుమారు 75 శాతం, శ్రీలంక తమిళులు 11 శాతం, మూర్లనే ముస్లింలు 9 శాతం, భారత మూలాల తమిళులు 4 శాతం. మూర్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తమిళమే అయినా తమను తమిళులుగా లెక్కించుకోరు. తమిళులలోనూ జాఫ్నావారు వేరు, బ్రిటిషువారు తేయాకు తోటల కోసం తీసుకొచ్చిన మలైనాడువారు వేరు. స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే చేసిన పౌరసత్వ చట్టం ఈ తోట కార్మికులలో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిగా మార్చింది. 1964లో ప్రధానులు శాస్త్రి, సిరిమావో బండారనాయకె కుదుర్చుకున్న ఒప్పందం వారిని రెండు దేశాల మధ్య పంచింది, మిగిలిపోయినవారికి పౌరసత్వం దక్కేసరికి 2003 వచ్చింది. మనం టీవీలో చూసి చప్పట్లు కొట్టిన మురళీధరన్ ఈ మలైనాడు తమిళ మూలాలవాడే. ఇక తమిళనాడుకూ లంకకూ మధ్యనున్న పాక్ జలసంధిలో చేపల వేట వివాదాన్ని మన పత్రికలలో ఎక్కువగా లంక నౌకాదళానికీ తమిళనాడు జాలర్లకూ మధ్య గొడవగానే చదువుతాం. మన్నారు, జాఫ్నా తీరాల్లో మాట్లాడితే తెలుస్తుంది, తమిళనాడు నుంచి వచ్చే ట్రాలర్లు సముద్రపు అడుగును ఊడ్చుకుపోవడం వల్ల ముందుగా నష్టపోతున్నది అక్కడి తమిళ జాలర్లేనని. భాష ఒకటే అయినంత మాత్రాన ప్రయోజనాలు ఒకటి కావు.

ఇప్పుడు మీ ఇంట్లోవాళ్ళు అన్న "బద్ధకస్తులు" అనే మాటకు వస్తాను. ఇది మన దేశం నుంచి వెళ్ళిన మేనేజర్ల నోట నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న మాట, నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన మాట కూడా. కుట్టు లైను చివర ఒక బోర్డు ఉంటుంది, దాని మీద గంటగంటకూ టార్గెట్ ఎంత, తయారైన పీసులెన్ని అని రాస్తారు. ఒక సాయంత్రం షిప్‌మెంట్ గడువు దగ్గరపడి అందరూ ఆ బోర్డునే చూస్తున్న వేళ, తనిఖీ బల్ల దగ్గర కూర్చున్న ఒక అమ్మాయి చొక్కా కాలర్ మీద టేపు పెట్టి కుట్లు లెక్కపెట్టింది. అంగుళానికి పన్నెండు కుట్లు ఉండవలసిన చోట పది ఉన్నాయి. ఆమె గొంతు పెంచలేదు, ఎవరినీ తప్పుపట్టలేదు, ఆ బండిల్‌ను పక్కన పెట్టి తలాడిస్తూ కుదరదని చెప్పింది. సూపర్‌వైజర్ వచ్చి బతిమాలినా అదే జవాబు. పని ఆగింది, మిషన్ సరిచేశారు, ఆ బండిల్ మళ్ళీ కుట్టారు. హడావిడి కనిపించకపోతే పని జరగడం లేదని భావించే కంటికి ఆ అమ్మాయి బద్ధకస్తురాలిగానే కనిపిస్తుంది. అక్కడ నలుగురిలో కేకలు వేయడం చాలా పెద్ద అవమానం. కేకలు వేసిన మేనేజరుకు ఎదురు సమాధానం రాదు, మరునాడు ఆ మిషన్ ముందు కుర్చీ ఖాళీగా ఉంటుంది. దీనిని బద్ధకమని రాసుకునే మేనేజరుకు అసలు కారణం ఎప్పటికీ తెలియదు.

ఏప్రిల్ నెల గురించి కూడా ఇదే ఫిర్యాదు వినిపిస్తుంది. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళులూ తమిళులూ కలిసి జరుపుకునే కొత్త సంవత్సరం, సింహళంలో అవురుదు, వస్తుంది. పొయ్యి వెలిగించే ఘడియ, తొలి ముద్ద తినే ఘడియ, తలకు నూనె పెట్టుకునే ఘడియ, మళ్ళీ పని మొదలుపెట్టే ఘడియ అన్నీ జ్యోతిష్కులు ముందుగా ప్రకటిస్తారు, దేశమంతటా ఒకే నిమిషంలో పొయ్యిలు వెలుగుతాయి. పాత సంవత్సరానికీ కొత్తదానికీ నడుమ నోనగతె అనే కొన్ని గంటలపాటు ఎవరూ ఏ పనీ ముట్టుకోరు. పంచాంగం చూడనిదే శంకుస్థాపన చేయని మన ప్రాంతంవారికి ఇది అర్థంకాని సంగతేమీ కాదు. కటునాయక చుట్టూ ఇరుకు గదుల్లో నలుగురైదుగురు చొప్పున అద్దెకుండే అమ్మాయిలందరూ ఆ వారం సొంత ఊళ్ళకు వెళ్ళిపోతారు, వీధులు బోసిపోతాయి. సెలవు ముగిశాక కొందరు తిరిగి రారు, ఫ్యాక్టరీలన్నిటికీ ఇది ఏటా వచ్చే తలనొప్పి. కారణాలు అడిగి చూస్తే, ఐదేళ్ళు పూర్తయితే గ్రాట్యుటీ చేతికొస్తుంది, పెళ్ళి చేసుకుని ఉద్యోగం మానేసే స్త్రీకి భవిష్యనిధి డబ్బు తీసుకునే వీలుంటుంది, ఆ రెండింటితో ఊళ్ళో ఇల్లో చిన్న దుకాణమో ఏర్పడుతుంది. అంతకాలం ఆ గదుల్లో ఓర్చుకుని పైసా పైసా కూడబెట్టిన మనిషిని బద్ధకస్తురాలనడం నాకు అన్యాయంగా తోస్తుంది. అచ్యుతాపురం దారిలో షిఫ్టు బస్సు కోసం తెల్లవారకముందే నిలబడే మన పిల్లల లెక్కలూ ఇంచుమించు ఇవే.

"దివాళా తీసింది" అన్న మాట గురించి క్లుప్తంగా చెబుతాను. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం విదేశీ అప్పుల చెల్లింపు నిలిపివేసిన మాట నిజం, పెట్రోలుకూ వంటగ్యాసుకూ రోజుల తరబడి వరుసల్లో నిలబడిన మాట నిజం. అదే దేశంలో 1931 నుంచే స్త్రీపురుషులందరికీ ఓటు హక్కు ఉంది, 1940లలో విద్యామంత్రి కన్నంగర చేసిన సంస్కరణలతో చదువు ఉచితమైంది, 2016లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు వచ్చింది. డాక్టర్ హడ్సన్ సిల్వా 1961లో స్థాపించిన నేత్రదాన సంఘం స్వదేశ అవసరాలు తీర్చడమే కాక అనేక దేశాలకు కళ్ళు పంపుతూ వచ్చింది. మా ఇంటి యజమానురాలి బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కనే ఆమె నేత్రదాన కార్డు కూడా ఉండేది. చనిపోయాక కళ్ళు ఇవ్వడం ఆవిడ దృష్టిలో గొప్ప విషయమేమీ కాదు, దానం చేయవలసిన వస్తువుల్లో అదొకటి.

ఇంతవరకూ మన అభిప్రాయాల గురించి రాశాను. వాళ్ళకు మన మీద ఉన్నవి కూడా మీరు తెలుసుకుని వెళ్ళాలి. భారతీయులు గట్టిగా మాట్లాడతారు, వరుస తప్పుతారు, అవకాశం దొరికితే వచ్చి ఉద్యోగాలు తీసుకుంటారు అని చాలామంది అనుకుంటారు. దీని కింద ఇంకా లోతైనది ఒకటుంది. సింహళ పెద్దవారికి మన దేశం దంబదివ, అంటే బుద్ధుడు పుట్టి తిరిగిన నేల. జీవితంలో ఒక్కసారైనా బుద్ధగయ చూడాలని డబ్బు దాచుకుంటారు. అదే దేశం 1987 జూన్‌లో తమ అనుమతి లేకుండా జాఫ్నా మీద విమానాలతో ఆహార పొట్లాలు వేయించిందనీ, ఆ తర్వాత శాంతిసేన పేరుతో సైన్యాన్ని దింపిందనీ వాళ్ళు మరచిపోలేదు. 1990 మార్చిలో వెనక్కి వచ్చేలోపు ఆ సేనలో పదకొండు వందల మందికి పైగా మన సైనికులు చనిపోయారు, కొలంబో శివార్లలో వారికి స్మారకం ఉంది. ఉత్తరాన తమిళుల ఇళ్ళలో ఆ మూడేళ్ళ జ్ఞాపకాలు మరో రకంగా చేదుగా ఉంటాయి. పెద్ద దేశపు మనిషి మామూలుగా అనే మాట చిన్న దేశంలో పెత్తనంలా వినిపిస్తుందన్నది నేను అక్కడ నేర్చుకున్నాను.

ఆ అనుమానాలు శాశ్వతమైనవి కావని చూపే ఉదాహరణ మాత్రం మన తెలుగువారికి బాగా దగ్గరది. 2016లో భారత ప్రభుత్వ సాయంతో అక్కడ 1990 అనే ఫోను నంబరుతో సువసెరియ అనే ఉచిత అంబులెన్సు సేవ మొదలైంది. దానిని నెలకొల్పింది మన 108 నడిపిన జీవీకే ఈఎమ్‌ఆర్‌ఐ, తొలి సిబ్బందికి శిక్షణ హైదరాబాదులోనే జరిగింది. ఇది భారతదేశపు జోక్యమని మొదట్లో గట్టిగా వ్యతిరేకించినవారు ఉన్నారు. క్రమంగా అది దేశమంతటా విస్తరించింది. ఇప్పుడు ప్రమాదం జరగగానే ఆ నంబరుకే ఫోను చేస్తారు, అది ఎవరి సాయంతో వచ్చిందన్న చర్చ నా చుట్టుపక్కల ఎవరూ చేయగా వినలేదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. పాత ముద్ర చెరిగిపోయిన చోట కొత్త ముద్ర వేసుకోవడం చాలా తేలిక. కొన్ని నెలలు గడిచాక "ఎంత సౌమ్యులో, ఎప్పుడూ నవ్వుముఖమే" అని ఊరికి ఫోను చేసి చెప్పేవారిని చూశాను. పర్యాటక ప్రకటనలు చెప్పేదీ అదే. 1981లో జాఫ్నా గ్రంథాలయం తగలబెట్టినప్పుడు, 1983 జూలైలో కొలంబోలో తమిళుల ఇళ్ళు దుకాణాలు తగలబెట్టినప్పుడు, 1980ల చివర దక్షిణాన తిరుగుబాటు అణచివేతలో సింహళ యువకులు వేల సంఖ్యలో మాయమైనప్పుడు, 2019 ఈస్టర్ బాంబుల తర్వాత ముస్లింల దుకాణాల మీద దాడులు జరిగినప్పుడు కూడా ఉన్నది ఈ సమాజమే. 1983లో పొరుగింటి తమిళులను తమ ఇళ్ళలో దాచి కాపాడిన సింహళులూ ఈ సమాజంలోనివారే. మంచిదైనా చెడ్డదైనా ఒక జాతి మొత్తానికి ఒక గుణం అంటగడితే ఈ రెండు నిజాలలో ఒకటి దాచవలసి వస్తుంది.

మీరు వెళ్ళేటట్లయితే కొన్ని పనికొచ్చే మాటలు. ఇంగ్లీషుతోనూ, కొలంబోలోని వెల్లవత్త వంటి చోట్ల తమిళంతోనూ నెట్టుకురావచ్చు, కానీ సింహళం నేర్చుకోండి. అక్షరాల గుండ్రదనం మన కంటికి కొత్తగా అనిపించదు, బస్సు బోర్డులు చదవగలిగిన రోజు నుంచి మనుషులు మీతో మాట్లాడే తీరు మారుతుంది. పున్నమి నాడు పోయ సెలవు, ఆ రోజు మద్యం, మాంసం అమ్మరు. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగవద్దు. శాకాహారులైతే కొబ్బరి పచ్చడిలో ఎండుచేప పొడి వేశారేమో ముందే అడగండి. కొలంబోను చూసి దేశాన్ని అంచనా వేయకుండా, యాళ్‌దేవి రైల్లో జాఫ్నాకూ, హట్టన్ వైపు తేయాకు కొండలకూ తొందరగానే వెళ్ళి రండి.

మీ ఇంట్లోవాళ్ళ మూడు అభ్యంతరాలలో నేను పట్టించుకోమనేది డబ్బు సంగతి ఒక్కటే. 2022లో కొద్ది నెలల్లోనే డాలరు విలువ రెండు వందల శ్రీలంక రూపాయల నుంచి మూడు వందల అరవై దాకా పోయింది, స్థానిక రూపాయల్లో జీతం తీసుకుని ఇంటికి పంపేవారు బాగా నష్టపోయారు. జీతం ఏ కరెన్సీలో ఇస్తారో, కుటుంబానికి వీసా, పిల్లల బడి ఫీజు ఎవరు భరిస్తారో నియామక పత్రంలో స్పష్టంగా రాయించుకున్నాకే ఒప్పుకోండి. అవి సరిగ్గా ఉంటే తక్కిన రెండు అభ్యంతరాల గురించి ఇంట్లో వాదించవద్దు, అవురుదు సెలవులకు వాళ్ళను అక్కడికే పిలిపించండి.