లెక్కకు రాని నడక

ప్రశ్న: ఈమధ్య ప్రయాణాల సర్వే కోసం మా ఇంటికి వచ్చిన అమ్మాయి, గడచిన 30 రోజుల్లో ఇంట్లోవాళ్లు ఎక్కడెక్కడికి వెళ్లివచ్చారో అడిగి రాసుకున్నారు. గుర్తున్నవన్నీ చెప్పాను. ఆమె వెళ్లాక అమ్మ, “రోజూ చంటాణ్ణి బడికి నడిపించుకుని వెళ్తానే, అది రాయించావా?” అని అడిగితే నాకు నోట మాట రాలేదు. ఇలాంటి జవాబులతో వేసిన లెక్కలను నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఊరు దాటి వెళ్తే టికెట్టు, బట్టలు సర్దుకోవడం, ఖర్చు వంటి ఆనవాళ్లు మిగులుతాయి కనుక అది గుర్తుంటుంది, బడికో, పాలకో, గుడికో నాలుగడుగులు నడిచి వెళ్లడాన్ని మనం ప్రయాణమనే అనుకోము. పైగా ఇంటిల్లిపాది తరఫున ఒక్కరే జవాబు చెబితే మిగిలినవారి నడకలు మరింతగా జారిపోతాయి. ఇంగ్లండ్ జాతీయ ప్రయాణ సర్వేలో ప్రతి ఒక్కరూ ఏడు రోజులు డైరీ రాస్తారు. రాసేవారికి భారం కాకూడదని, మైలు లోపు నడకలను అందులో చాలా ఏళ్లుగా ఒక్క రోజుకే అడుగుతున్నారు.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది. రెండు నెలల కిందటి తిరుపతి ప్రయాణం మొన్ననే వెళ్లివచ్చినట్టు అనిపించి 30 రోజుల లెక్కలో చేరిపోతుంది. మన జాతీయ నమూనా సర్వే 72వ విడతలో (2014 జులై–2015 జూన్) రాత్రి బస చేసిన ప్రయాణాలలో విహారం, వైద్యం, కొనుగోళ్ల కోసం వెళ్లినవాటికి గడచిన 365 రోజులను, తక్కినవాటికి గడచిన 30 రోజులను గడువుగా పెట్టారు. అరుదైనవాటికి గడువు పెంచక తప్పదు, పెంచినకొద్దీ తేదీలు చెదురుతాయి.

ఆఫీసుకు పట్టే సమయాన్ని ఒకరు కాస్త ఎక్కువ, ఒకరు కాస్త తక్కువ చెబితే వేలమంది జవాబుల సగటులో ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. మరపు అలా సర్దుకోదు. అందరూ నడకనే మరచిపోతే, ఎన్ని ఇళ్లు తిరిగినా ఆ లోటు అలాగే ఉంటుంది. కాబట్టి పనికి బస్సులో వెళ్తారా, బండి మీద వెళ్తారా అన్న జవాబును నమ్ముతాను కాని, రోజుకు ఎన్నిసార్లు నడిచారన్న లెక్కను అంతగా నమ్మను. కాలిబాట ఎక్కడ వేయాలో ఆ లెక్క చూసి నిర్ణయిస్తే నష్టపోయేది మీ అమ్మగారి వంటివారే; నాకు బాధ కలిగించేది అదే.

ఈసారి ఎవరైనా వస్తే అమ్మగారి ప్రయాణాలు ఆమెనే చెప్పనివ్వండి. నిన్న పొద్దున గుమ్మం దాటింది మొదలు వరుసగా చెప్పించండి. పాతవాటికి తేదీ అడగకుండా, పండగకు ముందా తర్వాతా అని అడగండి.