టెక్ సందేహాలు: పాత కంట్రోలర్‌ని అటకెక్కించే ముందు

ప్రశ్న: చాలా ఏళ్లు ప్లేస్టేషన్ 4 (పీఎస్4) గేమ్ కన్సోల్ వాడి, ఈమధ్యే పీఎస్5 తీసుకున్నాను. పాత డ్యూయల్‌షాక్ 4 కంట్రోలర్లు రెండున్నాయి. పీఎస్5కి కలిపితే మెనూ అంతా బాగానే తిరుగుతోంది, ఒక గేమ్ ఆడుకున్నాం కూడా. ఇంకో గేమ్ తెరిస్తే మాత్రం ఈ కంట్రోలర్ పనికిరాదంటోంది. పాడైంది కంట్రోలరా, కన్సోలా?

జవాబు: రెండూ బాగానే ఉన్నాయి, టెన్షన్ పడకండి. మీకు అడ్డొచ్చింది సోనీ పెట్టిన నియమం. పీఎస్5లో డ్యూయల్‌షాక్ 4తో పీఎస్4 గేమ్‌లే ఆడగలం. పీఎస్5 కోసం తయారైన గేమ్ అయితే ఆ కన్సోల్‌తో వచ్చే కొత్త కంట్రోలర్, డ్యూయల్‌సెన్స్ ఉండాల్సిందే. మీరు మొదట ఆడింది పీఎస్4 గేమ్, రెండోది పీఎస్5 గేమ్ అయి ఉంటుంది.

2020లో కన్సోల్ మార్కెట్లోకి రాకముందే సోనీ ఈ సంగతి చెప్పేసింది. పీఎస్5 గేమ్‌లు కొత్త కంట్రోలర్‌లోని సదుపాయాలను వాడుకోవాలన్నది వాళ్ల వాదన. డ్యూయల్‌సెన్స్‌లో ట్రిగ్గర్లు (చూపుడువేళ్లతో నొక్కే వెనక బటన్లు) గేమ్‌ని బట్టి బిగుసుకుంటాయి, వైబ్రేషన్ కూడా పాతదానికంటే చాలా సున్నితంగా తెలుస్తుంది. అది నిజమే. కానీ ఈ వాదనను నేను సగమే ఒప్పుకుంటాను. అదే పీఎస్5 గేమ్‌ని, కన్సోల్‌లో నడిచే ఆటను వేరే తెరమీదికి పంపే రిమోట్ ప్లే యాప్ ద్వారా కంప్యూటర్ మీద ఆడితే డ్యూయల్‌షాక్ 4 చక్కగా పనిచేస్తుంది! పీఎస్4 కాలంలో సోనీ లైసెన్స్‌తో వచ్చిన రేసింగ్ వీల్స్, ఆర్కేడ్ స్టిక్‌లు కూడా వాటిని సపోర్ట్ చేసే పీఎస్5 గేమ్‌లలో పనిచేస్తాయి. వాటిలో బిగుసుకునే ట్రిగ్గర్లు ఎక్కడున్నాయి? అంటే చేతకాక కాదు, వద్దనుకుని ఆపారు.

సరే, మీ పని జరిగే దారి ఒకటుంది. చాలా గేమ్‌లకు పీఎస్4, పీఎస్5 వెర్షన్లు రెండూ ఉంటాయి. మీ దగ్గర రెండూ ఉంటే, గేమ్ పేజీలో ‘ప్లే’ బటన్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి పీఎస్4 వెర్షన్‌కి మారండి. అప్పుడు ఒకరు డ్యూయల్‌సెన్స్‌తో, ఇంకొకరు డ్యూయల్‌షాక్ 4తో కలిసి ఆడొచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త. రెండు వెర్షన్లకు సేవ్ ఫైళ్లు (ఎంతవరకు ఆడామో దాచిపెట్టేవి) సాధారణంగా వేరువేరుగా ఉంటాయి. సగం గేమ్ అయ్యాక వెర్షన్ మారిస్తే మళ్లీ మొదటికొచ్చిందేంటని కంగారు పడతారు. ఎక్కువగా ఏది ఆడతారో ముందే అనుకుని మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: నా డ్యూయల్‌షాక్ 4 పీఎస్5కి అసలు కనెక్టే కావడం లేదు. కేబుల్ పెడితే ఛార్జ్ మాత్రం అవుతోంది.

జవాబు: ముందు కేబుల్‌నే అనుమానించండి. యూఎస్‌బీ కేబుల్‌లో కరెంటుకి రెండు తీగలుంటే, డేటాకి మరో రెండు ఉండాలి. కొన్ని చవకరకం ఛార్జింగ్ కేబుళ్లలో ఆ డేటా తీగలు ఉండవు. ఛార్జ్ అవుతుంది కాబట్టి కేబుల్ మంచిదే అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని, ఒక సాయంత్రమంతా కన్సోల్ సెట్టింగులన్నీ తిరగేశాను. చివరికి పాత ఫోన్ డబ్బాలో దొరికిన కేబుల్ పెట్టి పీఎస్ బటన్ నొక్కితే క్షణంలో కనెక్ట్ అయింది. మీ కేబుల్‌తో ఫోన్‌లోని ఫొటోలు కంప్యూటర్‌కి ఎక్కుతున్నాయంటే డేటా తీగలున్నట్టే.

కేబుల్ మార్చినా ఫలితం లేకపోతే కంట్రోలర్‌ని వెనక్కి తిప్పి చూడండి. ఎల్2 బటన్ దగ్గర, స్క్రూ పక్కనే చిన్న రంధ్రం కనిపిస్తుంది. పిన్నుతో లోపలి బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే రీసెట్ అవుతుంది. తర్వాత కేబుల్‌తో మళ్లీ కలపండి. ఈ కంట్రోలర్ చివరిసారి ఏ ఫోన్‌తోనో, ఏ పాత కన్సోల్‌తోనో జత అయిందో దాన్నే వెతుక్కుంటూ ఉంటుంది. రీసెట్ చేస్తే ఆ జత తెగిపోతుంది.

ప్రశ్న: ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కొనాలనుకుంటున్నాను. పాత ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్లు, అంతకంటే పాత ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్లు రెండు రకాలూ ఉన్నాయి. పనికొస్తాయా?

జవాబు: వన్ కంట్రోలర్లు నిక్షేపంగా పనికొస్తాయి, అదీ కొత్త గేమ్‌లతో సహా. ఈ విషయంలో మైక్రోసాఫ్ట్‌కి మార్కులు వేయాల్సిందే. తెరమీద ఉన్నదాన్ని ఫొటో, వీడియో తీసుకునే షేర్ బటన్ ఉండదు, అంతే తేడా. 360 కంట్రోలర్లు మాత్రం పనిచేయవు, వైర్ ఉన్నవైనా సరే. వాటిని పారేయకండి. వైర్ ఉన్న 360 కంట్రోలర్‌ని విండోస్ కంప్యూటర్‌కి పెడితే వెంటనే గుర్తుపడుతుంది.

ప్రశ్న: నింటెండో స్విచ్ 2కి పాత స్విచ్ జాయ్‌కాన్‌లు (పక్కన తగిలించే చిన్న కంట్రోలర్లు) తగిలించొచ్చా?

జవాబు: తగిలించలేరు, కలపగలరు. పాతవి పట్టాల మీద జారి కూర్చునేవి, కొత్తవి అయస్కాంతంతో అతుక్కుంటాయి. కాబట్టి పాతవి వైర్‌లెస్‌గానే వాడాలి. ఛార్జింగ్‌కి పాత స్విచ్‌నో, ఛార్జింగ్ గ్రిప్‌నో ఉంచుకోండి. మౌస్‌లా వాడే సదుపాయం, తోటి ఆటగాళ్లతో మాట్లాడుకోవడానికి వచ్చిన కొత్త సీ బటన్ వాటిలో ఉండవు. అవి అక్కర్లేని గేమ్‌లో రెండో ఆటగాడి చేతికి ఇవ్వడానికి పాతవి బాగానే సరిపోతాయి.

ప్రశ్న: ఏ కంట్రోలర్‌నైనా ఏ కన్సోల్‌కైనా కలిపే అడాప్టర్లు దొరుకుతున్నాయి కదా. తీసుకోమంటారా?

జవాబు: నేనైతే తీసుకోను. కన్సోల్ తనకి తగిలించిన వస్తువు అనుమతి ఉన్నదేనా అని ఆరా తీస్తుంది. అడాప్టర్ చేసేదల్లా ఆ ఆరాకి అబద్ధం చెప్పడమే. సిస్టమ్ అప్‌డేట్ వచ్చి ఆ అబద్ధం బయటపడిన రోజు మీ డబ్బు పోయినట్టే. 2023 నవంబరులో ఎక్స్‌బాక్స్ సరిగ్గా ఈ పనే చేసింది. అనుమతి లేని కంట్రోలర్లు పెట్టినవారికి తెరమీద హెచ్చరిక చూపించి, రెండు వారాల గడువిచ్చి, తర్వాత వాటిని ఆపేసింది. ఆన్‌లైన్ పోటీ గేమ్‌లలో అయితే అడాప్టర్‌తో మోసం చేస్తున్నారని మీ అకౌంట్‌కే ముప్పు రావచ్చు. ఇంట్లో ఒంటరిగా ఆడుకుంటూ, అప్‌డేట్‌తో పోయినా పోనీలే అనుకునేవారైతే మీ ఇష్టం. కొనేముందు దాని తయారీదారు ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లు ఇస్తున్నాడా, చివరిది ఎప్పుడిచ్చాడు అన్నది మాత్రం చూసుకోండి.