పాచిక తీసేసి చూడండి

ప్రశ్న: సార్, ఆదోని దగ్గర హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. స్క్రాచ్ అనే పిల్లల కోడింగ్ సాఫ్ట్‌వేర్‌లో వైకుంఠపాళి చేసి, ప్రతి నిచ్చెన దగ్గర న్యూటన్ సూత్రాల మీద ఒక ప్రశ్న పెట్టాను. పిల్లలు చదవకుండానే ఏదో ఒక ఆప్షన్ నొక్కేసి పాచిక వేసుకుంటున్నారు. ఏం చేయాలి?
– ఒక టీచరమ్మ

జవాబు: ఆ తప్పు నేనూ చేశానమ్మా, అనంతపురంలో పాఠాలు చెప్పే రోజుల్లో. ప్రశ్నలు, పాచిక రెండూ తీసేయండి. ఫిజిక్స్ పావు కదలికలోనే ఉండాలి. పావుకు ‘వేగం’ అని ఒక వేరియబుల్, అంటే విలువ మారే అంకె, పెట్టండి. ప్రతి వంతులో దాన్ని ఒకటి పెంచవచ్చు, తగ్గించవచ్చు, అట్లే వదిలేయవచ్చు. ఆ తర్వాత వేగం ఎంతుంటే అన్ని గళ్లు జరగాల్సిందే. జడత్వమంటే అదే కదా! వేగం 3 ఉన్నప్పుడు బ్రేక్ వేస్తే 2, 1 కలిపి 3 గళ్లలో ఆగుతుంది. 6 ఉంటే? 5, 4, 3, 2, 1... మొత్తం 15 గళ్లు. పాము నోట్లో పడ్డాక, “వేగం రెట్టింపే కదా సార్, ఇంత దూరమెందుకు?” అని ఆడే పిల్లవాడే అడుగుతాడు. ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని అప్పుడు బోర్డు మీద రాయండి. సూత్రం ప్రకారం 4 రెట్లే రావాలి, ఆటలో 5 వస్తాయి, పావు సాఫీగా జారకుండా గళ్ల లెక్కన దూకుతుంది కాబట్టి. ఆ తేడా పట్టుకున్నవాడికి ఒక చిక్కీ ఇవ్వండి.

పాచిక తీసేసినందుకు మా పిల్లలు రెండు రోజులు అలిగారు.