ఖనిజాలు ఎన్నాళ్లు వస్తాయో లెక్కగట్టే చదువు

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. నేను స్టీల్ ప్లాంట్ ఉద్యోగిని. మా అమ్మాయి జియాలజీ, గణితం, భౌతికశాస్త్రాలతో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. ఖనిజ నిల్వలు ఎప్పటికి తరిగిపోతాయో కంప్యూటర్ సిమ్యులేషన్‌తో అంచనా వేసే పనిలోకి వెళ్తానంటోంది. డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: ఆ పేరుతో ఉద్యోగ ప్రకటనలు దాదాపుగా కనిపించవు, గనుల ప్రణాళిక, నిల్వల మదింపు, లోహాల మార్కెట్ విశ్లేషణ వంటి కొలువుల్లో అది ఒక భాగంగా ఉంటుంది. డేటా సైన్స్ కంటే ముందు జియాలజీలో ఎమ్మెస్సీ చేయించడమే మేలని నా అభిప్రాయం.

ఉన్న నిల్వను ఏటా తవ్వే పరిమాణంతో భాగిస్తే ఇన్నేళ్లు వస్తుందని ఒక అంకె తేలుతుంది. దానికి కంప్యూటర్ అక్కర్లేదు, పైగా ఆ అంకె తరచూ తప్పుతుంది. 1970లో ప్రపంచ రాగి నిల్వలను సుమారు 28 కోట్ల టన్నులుగా అంచనా వేశారు. ఆ తర్వాత యాభై ఏళ్లలో దాదాపు 60 కోట్ల టన్నులు ఉత్పత్తి చేసినా, 2020 నాటి నిల్వలు 87 కోట్ల టన్నులని అమెరికా భూగర్భ సర్వే సంస్థ లెక్క చూపింది. నిల్వ అంటే భూమిలో ఉన్నదంతా కాదు, నేటి ధరకు, నేటి సాంకేతికతతో లాభసాటిగా తీయగలిగినంత మాత్రమే కనుక, ధర పెరిగినా, కొత్త నిక్షేపాలు దొరికినా, నాసిరకం ఖనిజాన్ని శుద్ధి చేసే పద్ధతి వచ్చినా అది మారిపోతుంది. మీ ప్లాంటుకు ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి వచ్చే ఇనుప ఖనిజం సంగతే చూడండి: కనీసం 55 శాతం ఇనుము ఉంటేనే ఖనిజంగా లెక్కించాలన్న పరిమితిని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ 2009లో 45 శాతానికి తగ్గించింది. ఇలాంటి మార్పుతో కొత్తగా ఏమీ దొరక్కుండానే లెక్కలోకి వచ్చే ఖనిజం పెరుగుతుంది.

ధర, గిరాకీ, ఖనిజం గ్రేడు (అందులోని లోహం శాతం), తుక్కు నుంచి తిరిగివచ్చే లోహం ఒకదానిపై ఒకటి చూపే ప్రభావాన్ని సమీకరణాలుగా రాసి, కచ్చితంగా తెలియని విలువలను వేలసార్లు మార్చి నడిపి చూడటమే సిమ్యులేషన్. ఫలితంగా వచ్చేది ఒక తేదీ కాదు, సంభావ్యతల పరిధి. రెండు బోరు రంధ్రాల మధ్య ఖనిజం ఎలా పరుచుకుని ఉంటుందో ఎరగనివారు రాసిన ప్రోగ్రాం కూడా చక్కగానే నడిచి తప్పు ఫలితం ఇస్తుంది, అదే ప్రమాదం.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ, జియోఫిజిక్స్ విభాగాలు రెండూ ఉన్నాయి; ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయాలంటే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎమ్మెస్సీతో పాటు పైథాన్ ప్రోగ్రామింగ్, జియోస్టాటిస్టిక్స్ (కొన్నిచోట్ల తీసిన నమూనాల నుంచి మిగతా చోట్ల ఖనిజాన్ని అంచనా వేసే గణాంకశాస్త్రం), కొంత ఖనిజ ఆర్థికశాస్త్రం నేర్చుకోమనండి. ప్రభుత్వోద్యోగం కోరుకుంటే, ఎమ్మెస్సీ తర్వాత యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా భారత భూగర్భ సర్వే సంస్థలో చేరవచ్చు.

ఈలోగా ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ వెలువరించే వార్షిక గ్రంథం నుంచి ఏదైనా ఒక ఖనిజం గణాంకాలు తీసుకుని, చిన్న నమూనా తయారు చేయమనండి. అంకెల వెనుక ఉన్న రాళ్ల సంగతి ఆమెకు విసుగు పుట్టిస్తే, డేటా సైన్స్ గురించి అప్పుడు ఆలోచించవచ్చు.